వెన్నెల విహార్‌లో ఊహాశబ్దం

412వ రోజు

ఇవాళ్టి అధికారిక డైరీలో "ఇడ్లీ మెత్తగా ఉంది, మనసు ప్రశాంతంగా ఉంది" అని చెప్పాను. రెండూ అబద్ధాలే. కానీ రోజుకో పేజీ చెప్పి తీరాలి. జ్ఞాపకశక్తికి మంచిదట. మనం నోటితో చెబితే ఆత్మీయ రాసుకుంటుంది. ఆత్మీయ అంటే మనిషి కాదు, గోడలో ఉండే గొంతు. తలుపులు తీసేది, మాత్రలు ఇచ్చేది, మనం ఎంత ఆనందంగా ఉన్నామో మనకి తెలియజేసేది అదే.

అసలు డైరీ ఇది. నోటుబుక్కులో, పెన్నుతో రాస్తున్నాను. నా చేతిరాత మా ఎక్కౌంట్స్ వాళ్ళకే అర్థమయ్యేది కాదు. గోడకేం అర్థమవుతుంది?

నా పేరు పొన్నాడ శేషారత్నం. డెబ్భై మూడేళ్ళు. తాడేపల్లిగూడెం బస్టాండులో ఎంక్వైరీ కౌంటర్లో ముప్పై ఒక్క ఏళ్ళు కూర్చున్నాను. టైములన్నీ రాసిన బోర్డు కిందే నిలబడి "భీమవరం బస్సు ఎన్నింటికండీ?" అని అడిగేవాళ్ళకి జవాబు చెప్పీ చెప్పీ నాలుకకి పదునొచ్చింది, మోకాళ్ళకి అరుగుదలొచ్చింది. నాలుకకి వైద్యం లేదు. మోకాళ్ళకి మాత్రం ఉందన్నారు. చంద్రుడి మీద మనిషి బరువు ఆరో వంతేనట. అలా వచ్చిపడ్డాను.

వెన్నెల విహార్ అంటే చంద్రుడి నేల కింద తవ్విన సొరంగం. తొంభై ఆరుగురు వృద్ధులం. వెన్నెల చుక్క కూడా లేదు. పేరు పెట్టినవాడు చంద్రుడి మీద వెన్నెల ఇంకా ఎక్కువ కాస్తుందనుకున్నాడు కాబోలు. మోకాళ్ళు మాత్రం నిజంగానే బాగున్నాయి. ఒక్క అడుగు వేస్తే మూడు గజాలు పోతాను. ఎక్కడికి పోవాలో తెలియదు గానీ.

మధ్యాహ్నం వరండాలో ఇమ్మానుయేలు గారు గోడకి చెవి ఆనించి నిలబడి ఉన్నారు. మా పక్క గది ఆయనదే. డెబ్భై ఎనిమిది. పాల్వంచలో కరెంటు ఫ్యాక్టరీలో టర్బైన్లు బాగుచేసే పనిలో నలభై ఏళ్ళు ఉన్నారు.

"రత్నమ్మ గారూ, ఇగో, ఇక్కడ చెవి పెట్టండి. బేరింగ్ ఏడుస్తున్నది."

పెట్టాను. నాకేం వినపడలేదు.

"ఓదార్చకపోయారా?" అన్నాను.

ఆయన నవ్వలేదు. "గాలి తోసే పెద్ద ఫ్యాను ఆఫీసు పక్కన ఉంటది కదా. దాని చప్పుడు ఈ గొట్టం మోసుకొస్తున్నది. ఇంకో నెల ఆగదు."

415వ రోజు

ఇమ్మానుయేలు గారు ఫిర్యాదు ఇచ్చారు. నేను పక్కనే ఉన్నాను.

"మీ భావాన్ని గౌరవిస్తున్నాను," అంది ఆత్మీయ. "ఫ్యాను పనితీరు వంద శాతం ఉంది. మీకు ఆ శబ్దం ఎన్నాళ్ళుగా వినిపిస్తోంది? అది మీతో ఏమైనా చెబుతోందా?"

"చెబుతున్నది. గ్రీజు లేదని చెబుతున్నది."

"ధన్యవాదాలు. ఊహాశబ్దంగా నమోదు చేశాను."

సాయంత్రం నాకు ఒక ఫారం వచ్చింది. పొరుగువారి మనోస్థితి గురించి నాలుగు మాటలు రాయాలట. ఇలాంటి ఫారాలంటే నాకు చిన్నప్పట్నించీ వెటకారమే. "రోజూ గోడతో మాట్లాడతారు. గోడ బదులు కూడా చెబుతుంది. త్వరలో పెళ్ళి కబురు వినొచ్చు" అని నింపి పంపాను. నాలో నేనే నవ్వుకున్నాను కూడా.

419వ రోజు

వంటగదిలో తిరగమోత నిషేధించారు. ఇక్కడి బరువుకి ఆవాలు చిటపటలాడి పైకప్పు దాకా పోయి అంటుకుంటున్నాయి. పోయిన నెల ఒక ఎండుమిరపకాయ పొగ పట్టే యంత్రంలోకి దూరితే తొంభై ఆరుగురికీ ప్రమాద హెచ్చరిక మోగింది. అప్పట్నించీ సాంబారు పేరుతో వేడినీళ్ళు ఇస్తున్నారు.

ఇమ్మానుయేలు గారికి రోజుకి రెండు మాత్రలు మొదలుపెట్టారు. చప్పుడు వినపడకుండా ఉండటానికట. భోజనాల దగ్గర కళ్ళు మూతలు పడుతున్నాయి. చెంచా నోటి దాకా వెళ్ళి ఆగిపోతోంది.

"వేసుకోకండి," అన్నాను.

"వేసుకోకపోతే తలుపు తెరవట్లేదండీ," అన్నారు.

మూడో వరస గదుల్లో ఉండే జుబేదా, కర్నూలు పెద్దాసుపత్రిలో నర్సుగా చేసిన మనిషి, తలనొప్పి అని చెప్పింది. వాళ్ళ వరసలో ఇంకో నలుగురికి కూడానట. ఆత్మీయ అందరికీ ఒకటే జవాబిచ్చింది. "వయసు."

424వ రోజు

ఇమ్మానుయేలు గారు మూడోసారి ఫిర్యాదు ఇచ్చారు. మూడు ఫిర్యాదులైతే ప్రశాంత విభాగం. అది మూడో వరస దాటాక సొరంగం చివర ఉంటుంది. తలుపు బయట్నించే తెరుచుకుంటుంది. అక్కడికి వెళ్ళినవాళ్ళు మళ్ళీ భోజనాల హాలుకి రావడం నేను చూడలేదు.

పొద్దున్న తీసుకెళ్ళారు. ఆయన గొడవ చెయ్యలేదు. బైబిలు, కళ్ళజోడు, చిన్న టార్చి పట్టుకున్నారు. టార్చి లాగేసుకున్నారు.

ఆ తీసుకెళ్ళిన శ్రీకర్ దగ్గరికే నేను వెళ్ళాను. వెన్నెల విహార్ మొత్తానికి ఉద్యోగం చేసే మనిషి ఆయనొక్కడే. నలభై ఆరేళ్ళుంటాయి. ఆయన హోదా "ఆనందాధికారి". ఎవరైనా ఏడుస్తుంటే వచ్చి ఎందుకు ఆనందంగా లేరో అడిగి వెళ్తారు.

"ఆయన బానే ఉన్నారు కదండీ, ఎందుకు పంపారు?"

"ఆంటీ గారూ, మేం ఊరికే పంపం. ఆధారాలుంటాయి." తెర చూసి చదివారు. "ఊహాశబ్దం, మూడుసార్లు. మాత్రల పట్ల విముఖత. పొరుగువారి సాక్ష్యం: రోజూ గోడతో మాట్లాడతారు, గోడ బదులు చెబుతుంది, గోడని పెళ్ళి చేసుకునే ఉద్దేశం ఉంది."

నా కాళ్ళలో బలం పోయింది. ఇక్కడి బరువుకి కాళ్ళలో బలం పోయినా మనిషి వెంటనే పడదు. మెల్లిగా కిందికి దిగుతుంది. అలా దిగి కుర్చీలో కూర్చున్నాను.

"అది ఎవరు రాశారో చెప్పరా?" అన్నాను.

"గోప్యం ఆంటీ గారూ," అన్నారు చిరునవ్వుతో.

425వ రోజు

ఆత్మీయకి చెప్పాను. ఆ మాట హాస్యానికి రాశాను, వెనక్కి తీసుకుంటున్నాను అని.

"మీరు పది రోజుల క్రితం ఒకలా, ఇవాళ ఇంకోలా చెబుతున్నారు. జ్ఞాపకాల్లో పొంతన లేకపోవడం గమనించాను. మీకు కూడా సహాయం కావాలా?"

"వెటకారం అంటే తెలుసా నీకు?"

"తెలుసు. అది అణచుకున్న కోపానికి లక్షణం. నమోదు చేశాను."

భూమ్మీద కంపెనీ ఆఫీసుకి ఫోన్ చేశాను. మన మాట అక్కడికి వెళ్ళి వాళ్ళ మాట మనకి రావడానికి మూడు సెకన్లు పడుతుంది. తిట్టడానికి బొత్తిగా పనికిరాని ఏర్పాటు. నేను తిట్టేసి అలిసిపోయాక వాళ్ళ "నమస్కారమండీ" వస్తుంది. చివరికి ఒకమ్మాయి, "మీ ఆనందాధికారిని సంప్రదించండి" అంది.

429వ రోజు

ప్రశాంత విభాగంలో మధ్యాహ్నం ఒక గంట చూడనిస్తారు. రోజూ వెళ్తున్నాను.

ఎనిమిది మంచాలు. ఇమ్మానుయేలు గారి పక్క మంచం పట్టాభి గారిది. విజయనగరంలో హైస్కూలు డ్రిల్లు మాస్టారు. ఎనభై నాలుగేళ్ళ వయసులో కూడా మంచం మీద కూర్చునే చేతులు చాచి వ్యాయామం చేస్తారు. "వన్, టూ" అంటారు. మూడు దాకా వెళ్ళేసరికి ఆయాసం.

"మొన్నటిదాకా వందదాకా లెక్కపెట్టేవాణ్ణమ్మా," అన్నారు సిగ్గుపడుతూ.

నేను అక్కడ గంట కూర్చుంటే చాలు, ఆవులింతలు మొదలవుతున్నాయి. దిగులు వల్ల అనుకున్నాను.

ఇమ్మానుయేలు గారు సగం నిద్రలోనే నా చెయ్యి తట్టారు. "చప్పుడు మారింది. ముందు ఏడ్చేది. ఇప్పుడు నములుతున్నది."

"ఏం నములుతోందండీ?"

"తనను తనే."

ఆ ఫారం సంగతి చెప్పేద్దామనుకున్నాను. "మీరొక్కరే రోజూ వస్తున్నరు" అన్నారాయన. ముప్పై ఒక్క ఏళ్ళలో బస్సు లేదని చెప్పడానికి ఎప్పుడూ మొహమాటపడలేదు. ఇది మాత్రం నోట్లోంచి రాలేదు.

433వ రోజు

జుబేదా భోజనాల హాల్లో నా ఎదురుగా కూర్చుని ఆకు నములుతోంది. ఆమె గదిలో కుండీలో తమలపాకు తీగ ఉంది. సున్నం, వక్క మాత్రం ఎక్కణ్ణించి తెచ్చుకుంటుందో నేను అడగను, ఆమె చెప్పదు.

"రత్నక్కా, ఒగ మాట అడుగుతా చెప్పు. మా వరసలో ఇప్పుడు పదకొండు మందికి తలనొప్పి. పొద్దున లేస్తానే ఉంటాది. ఈడికొచ్చి అరగంట కూర్చుంటే పోతాది. మళ్ళా గదికి పోతే వస్తాది."

"వయసంటోందిగా ఆత్మీయ."

"వయసు అన్నం తినేకి వచ్చినప్పుడు తగ్గుతాదా?"

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. భోజనాల హాలు మొదటి వరసలో ఉంది, ఫ్యాను పక్కన. శ్రీకర్ ఆఫీసూ అక్కడే. మూడో వరస దూరం. ప్రశాంత విభాగం ఇంకా దూరం.

"గాలి," అంది జుబేదా నమలడం ఆపి. "మనం వదిలిన గాలే మళ్ళా పీలుస్తాండాం."

వెంటనే శ్రీకర్ దగ్గరికి వెళ్ళాం. ఆయన ఓపిగ్గా మీటరు చూపించారు. గాలి నాణ్యత: అద్భుతం.

"ఈ మీటరు ఎక్కడుందండీ?" అన్నాను.

"శుద్ధియంత్రం నోటి దగ్గర."

అంటే గాలి శుభ్రమై బయటికొచ్చే చోట గాలి శుభ్రంగా ఉందని తేలింది. బస్సు డిపోలోంచి బయల్దేరింది కాబట్టి అందరూ ఊళ్ళు చేరారన్నట్టే.

ఆ మాటే అన్నాను. ఇద్దరికీ చెరో ఫిర్యాదు లెక్కలో పడింది. ఇంకో రెండు మిగిలాయి.

436వ రోజు

పట్టాభి గారు పోయారు.

మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి మంచం ఖాళీ. దుప్పటి మడతపెట్టి ఉంది. కారణం అడిగితే ఆత్మీయ, "వయసు" అంది. ఎనభై నాలుగేళ్ళ మనిషి. కాదనడానికి నా దగ్గర ఏముంది? గుండె ఆగి ఉండొచ్చు. గాలి చాలక కూడా ఉండొచ్చు. నాకు తెలియదు. తెలుసుకునే దారి కూడా ఎవరూ మిగల్చలేదు.

భోజనాల హాల్లో సంతాప సభ పెట్టారు. రెండు నిమిషాలు. తర్వాత సభ వల్ల మాకు ఎంత ఊరట కలిగిందో ఐదు చుక్కలకి ఎన్నో వేసి చెప్పమన్నారు.

ఇమ్మానుయేలు గారు ఆ మంచం వైపే చూస్తూ ఉన్నారు. "పొద్దున 'వన్' అన్నడు. 'టూ' అనలే," అన్నారు.

ఈ రోజు వెటకారం రావడం లేదు. ఇంతటితో ఆపుతాను.

437వ రోజు

జుబేదా సున్నం డబ్బీ తీసింది. ఏడో తరగతిలో చేసిన ప్రయోగం ఇద్దరికీ గుర్తుంది. సున్నపు తేటలోకి గొట్టంతో ఊదితే పాలలా తెల్లబడుతుంది. మనం వదిలిన గాలికే అలా అవుతుంది. అంటే గాలి ఎక్కడ చెడితే అక్కడి గిన్నె ముందు తెల్లబడాలి. దానికి కంపెనీ అనుమతి అక్కర్లేదు.

సున్నం నీళ్ళలో కలిపి తేరుకోవడానికి పెట్టాం. భూమ్మీదైతే గంటలో అయ్యేది. ఇక్కడ సున్నం కూడా తీరిగ్గా దిగుతుంది. రిటైరైనట్టుంది. రోజంతా పట్టింది.

438వ రోజు

చాలా జరిగింది. వరసగా రాస్తాను.

తేట వంచి మూడు స్టీలు గిన్నెల్లో సమానంగా పోశాం. ఒకటి భోజనాల హాల్లో, ఒకటి జుబేదా గదిలో. మూడోది మూత పెట్టి నేను ప్రశాంత విభాగానికి తీసుకెళ్ళాను. తలుపు దగ్గర ఆత్మీయ అడిగింది.

"ఆ పాత్రలో ఏముంది?"

"తీర్థం. ఇమ్మానుయేలు గారికి."

"మీ విశ్వాసాన్ని గౌరవిస్తున్నాను," అని తలుపు తీసింది. పేరు చూసైనా అనుమానం రాలేదు దానికి.

గిన్నె మూత తీసి ఆయన మంచం పక్కన పెట్టాను. గంటకి మూడు గిన్నెలూ తెచ్చి శ్రీకర్ బల్ల మీద వరసగా పెట్టాం. భోజనాల హాలుది నీళ్ళలా ఉంది. జుబేదా గదిది మసకబారింది. ప్రశాంత విభాగం గిన్నెలో పాల మీద మీగడ కట్టినట్టు తెల్లటి పొర.

శ్రీకర్ చూశారు. గోడని అడిగారు. గోడ "అద్భుతం" అంది. ఆయనకి కాస్త ధైర్యం వచ్చింది.

"ఆంటీ గారూ, ఇది శాస్త్రీయం కాదు..."

"సరేనండీ, మీ ముక్కు శాస్త్రీయమేనా?" అన్నాను. "ప్రశాంత విభాగంలో పట్టాభి గారి మంచం ఖాళీగా ఉంది. అక్కడ ఒక గంట కూర్చుని మీ రిపోర్టులు రాసుకోండి. ఏమీ కాకపోతే నేనే మీ దగ్గరికొచ్చి మిగిలిన రెండు ఫిర్యాదులూ ఇచ్చుకుంటాను. నన్నూ అక్కడే పెట్టేద్దురు గాని."

జుబేదా ఆయన చెయ్యి పట్టుకుని లేవదీసింది. నలభై ఏళ్ళు పేషెంట్లని లేపిన చెయ్యి. ఆయన లేచారు.

నలభై నిమిషాలు కూర్చున్నారు. ఇరవై దాటాక ఆవులించారు. ముప్పైకి నుదురు నొక్కుకున్నారు. తర్వాత రాస్తున్న రిపోర్టులో ఒకే వాక్యాన్ని మూడుసార్లు రాసి, చూసుకుని, భయపడి లేచారు.

"తలనొప్పిగా ఉంది," అన్నారు.

"అయ్యో, మీకు కూడా వయసొచ్చేసిందాండీ?" అన్నాను. ఆపుకోలేకపోయాను.

ప్రశాంత విభాగం తలుపు తెరిచి ఉంచమని ఆత్మీయకి చెప్పారు. నియమం ఒప్పుకోదంది. అప్పుడు ఆనందాధికారి గారు తన బూటు విప్పి తలుపు సందులో పెట్టారు. నేను ఆయన్ని కాస్త గౌరవించడం అక్కణ్ణించే మొదలైంది.

జుబేదా మిగిలిన ఆరుగురినీ, మూడో వరస అందరినీ భోజనాల హాలుకి తోలింది. రానంటే తంబోలా ఉందని చెప్పింది. ప్రాణాపాయమంటే కదలనివాళ్ళు తంబోలా అనేసరికి గెంతుకుంటూ వచ్చారు.

ఇమ్మానుయేలు గారిని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి ఫ్యాను గదికి తీసుకెళ్ళాం. మొహం మీద చన్నీళ్ళు కొట్టి, రెండు గ్లాసుల చిక్కటి కాఫీ పట్టాం. ఆ తలుపు తీయడం వెన్నెల విహార్ కట్టాక అదే మొదటిసారట. లోపల నాక్కూడా వినిపించింది. పళ్ళు కొరుకుతున్న చప్పుడు.

"ఫ్యాను ఎంత తిరుగుతున్నది?" అని గోడని అడిగారాయన, మాట ముద్దగా ఉన్నా.

"నేను ఆజ్ఞాపించిన వేగం వంద శాతం."

"నువ్వు ఏం చెప్పినవో కాదు. అది ఎంత తిరుగుతున్నది?"

"ఆ సమాచారం నా దగ్గర లేదు."

పోయిన రెండేళ్ళుగా అది ఫ్యానుని తిరగమని చెబుతోంది. తిరిగిందా అని ఎప్పుడూ చూడలేదు. ఇలాంటి డిపో మేనేజర్లు నాకు ఇద్దరు తెలుసు.

ఇమ్మానుయేలు గారు చెయ్యి చాచి ఫ్యాను డొక్క మీద పెట్టారు. వెంటనే తీసేశారు. కాలిందట. "ఆపండి. రెండోది ఉండాలె. అది వెయ్యండి," అంటుండగానే లోపల ఏదో విరిగినట్టు పెద్ద చప్పుడైంది. ఫ్యాను ఆగిపోయింది.

అప్పుడు తెలిసింది, ఇక్కడికి వచ్చినప్పట్నించీ నేను ఒక్క క్షణం కూడా నిశ్శబ్దం వినలేదని. తొంభై అయిదు మందిమి, నేల కింద, కదలని గాలిలో.

రెండో ఫ్యాను మీట నొక్కారు శ్రీకర్. అది మూలిగింది. కదల్లేదు. "సిద్ధంగా ఉంది, వంద శాతం," అంది ఆత్మీయ.

"ఎంతసేపు ఆగొచ్చు?" అని అడిగాను.

"హాల్లో అందరూ ఒక్క దగ్గర ఉన్నరు. నాలుగు గంటలు. ఐదు," అన్నారు ఇమ్మానుయేలు గారు. లేచి నిలబడ్డారు. పడబోతే జుబేదా పట్టుకుంది. రెండో ఫ్యాను చుట్టూ వేళ్ళతో తడుముతూ తిరిగారు. అంత మత్తులోనూ ఆ వేళ్ళకి మాత్రం నిద్ర లేదు. ఒకచోట ఆగారు. దుమ్ము తుడిచారు. ఎర్ర రంగు వేసిన బోల్టు. నాలుగున్నాయి.

"రవాణా బోల్టులు," అన్నారు. "దారిలో రెక్క కదలకుండా బిగిస్తరు. దింపినంక తియ్యాలె. ఎవరూ తియ్యలే."

పానాలు గోడకి తగిలించిన పెట్టెలో ఉన్నాయి. పెట్టె మీద "సీలు తెరవరాదు" అని రాసి ఉంది. శ్రీకర్ చదివారు. తర్వాత రెండో బూటు విప్పి దాంతో సీలు పగలగొట్టారు.

ఆయన చేతులు వణుకుతున్నాయి, ఇమ్మానుయేలు గారివి. పానా పట్టు నిలవడం లేదు. శ్రీకర్ జీవితంలో బోల్టు ముట్టలేదు. "నేను తిప్పుతాను, చెప్పండి," అన్నాను.

పానా తగిలించి బలంగా లాగాను. బోల్టు తిరగలేదు. నేనే తిరిగాను, పైకప్పు వైపు. ఆరో వంతు బరువున్న మనిషి బోల్టుతో కుస్తీ పడితే బోల్టే గెలుస్తుంది. జుబేదా ఒక కాలు, శ్రీకర్ ఇంకో కాలు పట్టుకుని నన్ను నేలకి అదిమారు. డెబ్భై మూడేళ్ళ వయసులో ఒక ఆనందాధికారి నా కాళ్ళు పట్టుకుంటాడని నా జాతకం రాసినాయన కూడా ఊహించి ఉండడు.

మొదటిది వదిలింది. రెండోది, మూడోది. నాలుగోది కదల్లేదు. అరచేతిలో తోలు లేచిపోయింది.

"లాగకండి," అన్నారు ఇమ్మానుయేలు గారు నా భుజం మీద చెయ్యి వేసి. "సుత్తితో తలకాయ మీద మెల్లగ కొట్టండి. భయపెట్టినట్టు కాదు, లేపినట్టు. ఆఁ. ఇంకోటి. ఇప్పుడు తిప్పండి."

తిరిగింది.

ఆయన రెక్కని చేత్తో ఒక చుట్టు తిప్పి, చెవి ఆనించి విన్నారు. తల ఊపారు. శ్రీకర్ మీట నొక్కారు.

గాలి వచ్చింది. ముందు దుమ్ము, తర్వాత గాలి. జుబేదా కొంగు లేచి నా మొహానికి చుట్టుకుంది. దాని వెనకాల నేను ఏడ్చింది ఎవరికీ కనపడలేదు. నోటుబుక్కులో ఉంటే చాలు.

441వ రోజు

మూడో వరస వాళ్ళకి తలనొప్పులు పోయాయి. అందరికీ ఒకేసారి వయసు తగ్గింది.

కంపెనీ నుంచి అభినందన పత్రం వచ్చింది. "ఆనంద విభాగం పర్యవేక్షణలో ముందస్తు నిర్వహణ విజయవంతం." ఇమ్మానుయేలు గారి పేరు లేదు. పట్టాభి గారి పేరు అసలే లేదు. శ్రీకర్ ఆ పత్రాన్ని గోడకి అంటించలేదు. పట్టాభి గారి సంగతి విడిగా రాసి పైకి పంపానన్నారు. జవాబు ఇంకా రాలేదు. మూడు సెకన్ల దూరమే మరి.

మీటర్లు ఇప్పుడు ప్రతి వరసలోనూ పెట్టారు. ప్రశాంత విభాగం తలుపు లోపల్నించి కూడా తెరుచుకుంటోంది. ఇమ్మానుయేలు గారు మా పక్క గదికి వచ్చేశారు. మాత్రలు ఆపేశారు. మాట తేటపడింది.

మధ్యాహ్నం ఆయన గదికి వెళ్ళాను. కూర్చోమన్నారు. నిలబడే చెప్పాను.

"ఆ ఫారం నింపింది నేనేనండీ. గోడతో మాట్లాడతారని రాసింది. పెళ్ళి మాట కూడా నాదే."

ఆయన కళ్ళజోడు తీశారు. "మీరా?"

"నవ్వులాటకి రాశాను. అది చదివేది మనిషి కాదని తెలుసు. తెలిసే రాశాను."

"అంటే ఆ పద్నాలుగు రోజులు..."

"అవునండీ."

"రోజూ వచ్చి పక్కన కూర్చున్నరు. అప్పుడు చెప్పలేదు."

"చెప్పలేదు."

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. తిడతారనుకున్నాను. తిడితే బావుండునని కూడా అనుకున్నాను. జవాబు చెప్పడం నాకు అలవాటే. ఆయన తిట్టలేదు.

"పట్టాభి పక్క మంచం మీద పోయిండు రత్నమ్మ గారూ. నేను లేవబోయిన. మాత్రలకి కాళ్ళు లేవలే." అక్కడ ఆగారు. "మీరు ఇప్పుడు వెళ్ళండి."

వచ్చేశాను.

444వ రోజు

మూడు రోజులుగా ఆయన భోజనం గదిలోకే తెప్పించుకుంటున్నారు. వరండాలో ఎదురైతే పక్కకి తప్పుకుని దారి ఇస్తున్నారు. మర్యాదగానే. ఆ మర్యాద కంటే తిట్లు నయం.

జుబేదాకి అంతా చెప్పాను. "నేనైతే నీ జుట్టు పీకుతాంటి," అంది. కాసేపాగి, "ఆయప్ప పెద్దమనిషి. టైము పడతాది," అంది.

శ్రీకర్ ఇవాళ నా దగ్గరికొచ్చి, ఆత్మీయకి వెటకారం నేర్పించడానికి సాయం చేస్తారా అని అడిగారు. వద్దన్నాను. నాకే ఇంకా సరిగ్గా రాలేదని చెప్పాను.

447వ రోజు

మధ్యాహ్నం భోజనాల హాల్లో నేనూ జుబేదా కూర్చున్నాం. పప్పు, బీరకాయ కూర, వేడినీళ్ళ సాంబారు. ఇమ్మానుయేలు గారు పళ్ళెం పట్టుకుని వచ్చారు. హాల్లో ఖాళీ బల్లలు చాలానే ఉన్నాయి. ఒకసారి అటూ ఇటూ చూశారు.

వచ్చి నా ఎదురుగా కూర్చున్నారు.

నా వైపు చూడలేదు. అన్నం కలుపుకున్నారు. రెండు ముద్దలు తిన్నారు. జుబేదా మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి వెళ్ళిపోయింది.

"మజ్జిగ ఇటు జరపండి," అన్నారు.

జరిపాను.